ఊరికే తిరిగే మెషీను

ఆ ఉదయం ఇంట్లో తలా ఒక పని పంచుకున్నారు. కూతురు ముందు గదిలో తలుపు వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి, పదింటికి ఇంటర్వ్యూ. అమ్మమ్మ వంటింట్లో గరిటె కూడా చప్పుడు కానివ్వకూడదు. తాతయ్య వెనక గదిలో ఊయల పక్కన కూర్చుని, నెలల పిల్ల మనవరాలు లేవకుండా కాపలా కాయాలి. కాన్పు కోసం ఉద్యోగం వదులుకున్న అమ్మాయికి ఇన్నాళ్ళకి వచ్చిన మొదటి పిలుపు అది. అది కూడా చేయి జారితే మళ్ళీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో.

"నాన్నా, ఒక్క గంట. పాప ఏడుపు ఆ గది దాటకూడదు."

"దాటితే నన్ను ఆ ఊయల కొక్కేనికే వేలాడదియ్యి."

"ఇంకోటి. ఆ గదిలో నా పాత కంప్యూటర్ నడుస్తోంది చూడు, దాన్ని ఆపొద్దు."

"ఎవడూ వాడని దాన్ని ఆపకపోవడమేంటే?"

"చెప్తాలే. ఇప్పుడు నా తల దువ్వుకోనీ," అని కూతురు వెళ్ళిపోయింది. చెప్పనూ లేదు. ఆ ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ తల దువ్వుకునే దగ్గరే ఆగిపోతాయి.

తాతయ్య ఇనుము చెక్కే లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరైన మేస్త్రి. పనిముక్క లేకుండా ఊరికే తిరిగే మెషీన్ను చూస్తే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. పైగా ఆయన మనసులో ఇంకో లెక్క ఉంది. ఇంటర్వ్యూ మధ్యలో కరెంటు పోతే ఇంట్లో ఉన్నది ఒక్క ఇన్వర్టర్. ఆ ముసలి పెట్టె కూర్చుని దాన్ని తాగేస్తే పిల్లకి ఇంటర్నెట్ ఎక్కడినుంచి వస్తుంది? ఆలోచించి పక్క ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న అల్లుడికి ఫోన్ కొట్టాడు.

"అల్లుడూ, కంప్యూటర్ని ఆపకుండా ఆపాలి. ఎలా?"

"అదేంటి మామయ్యా?"

"అమ్మాయి ఆపొద్దంది. ఆడపిల్ల మాట, కాదనలేను. నేను ఆపను. అదే ఆగాలి."

అల్లుడు మీటింగులో ఉన్నాడు. మామగారిని వదిలించుకోవాలంటే అడిగింది చెప్పడమే దగ్గరి దారని అతనికి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. "సెట్టింగ్స్‌లో పవర్ అని ఉంటుంది. స్లీప్ దగ్గర ఐదు నిమిషాలు పెట్టండి. ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే పడుకుంటుంది. మౌస్ కదిపితే లేస్తుంది," అని గబగబా చెప్పేశాడు.

తాతయ్య చదువు ఎక్కడ ఆగిందో ఇంగ్లీషు కూడా అక్కడే ఆగింది. అయినా అక్షరం అక్షరం కూడబలుక్కుని పవర్ పట్టుకున్నాడు, ఐదు నిమిషాలు పట్టుకున్నాడు, నొక్కాడు. మర చెప్పిన మాట వింటే మేస్త్రికి కలిగే సుఖం మీసం చివర కనిపించింది.

పదయింది. ముందు గది తలుపు మూసుకుంది. కాసేపటికి వెనక గదిలో స్క్రీన్ నల్లబడింది. బల్ల కింద పాత బస్సులా గుర్రు పెడుతున్న పెట్టె నోరు మూసుకుంది. ఊయలలో పాప కళ్ళు తెరిచింది. ఈ రెండింటికీ పొత్తు ఉందని తాతయ్యకి తట్టలేదు. పాప నోరు కూడా తెరిచాక ఆయనకి ఇంకేమీ తట్టలేదు.

అమ్మమ్మ వంటింట్లోంచి మునివేళ్ళ మీద పరిగెత్తుకొచ్చింది. "ఏం చేశారు దాన్ని?"

"నేనేం చేశాను? కళ్ళు తెరిచి నా మొహం చూసింది."

"మరి ఏడవదూ!"

చీమ కుట్టిందేమోనని చొక్కా విప్పారు. చీమ లేదు. పక్క తడిసిందేమోనని తడిమారు. తడవలేదు. కడుపు నొప్పేమోనని అమ్మమ్మ వీపు నిమిరింది. పాప రాగం పెంచింది. తాతయ్య పిల్లను లాక్కుని భుజాన వేసుకుని, కంప్యూటర్ ముందున్న కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మోచేయి మౌస్‌కి తగిలింది. అదే సమయానికి, ఇంకేమీ తోచక, ఆయన పాట ఎత్తుకున్నాడు. జోలపాటలు రానివాడు కాబట్టి వచ్చిన విద్యనే పాడాడు.

"తిరగవే చక్రమా మెల్లగా మెల్లగా... మా పాప పడుకుంది చల్లగా చల్లగా..."

బల్ల కింద పెట్టె మళ్ళీ గుర్రు పెట్టింది. పాప ఠక్కున ఊరుకుంది.

అమ్మమ్మ నోరు వెళ్ళబెట్టింది. ఆ గొంతు విని పెళ్ళిచూపుల్లో తను ఎంత భయపడిందో ఆవిడకి ఇంకా జ్ఞాపకం.

"చూశావా? గొంతులో ఉండాలే," అన్నాడు తాతయ్య, కాలర్ సర్దుకుంటూ.

కాసేపటికి మళ్ళీ ఏడుపు. ఈసారి అమ్మమ్మ మంచం మీద కూర్చుని అదే పాట శ్రుతిలో పాడింది. పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. తాతయ్య పిల్లను అందుకుని కుర్చీలో కూర్చుని, మోచేయి బల్ల మీద ఆన్చి అపశ్రుతిలో పాడాడు. పాప నిద్రపోయింది.

"దేవుడు అన్నీ ఒకరికే ఇవ్వడు. నీకు చేతిలో రుచి ఇచ్చాడు," అని ఓదార్చాడాయన.

మూడోసారి పాట కోసం ఊపిరి తీసుకుంటున్నాడు. నోరు ఇంకా తెరవలేదు. చేయి మౌస్‌ని తోసింది, పెట్టె మోగింది, పాప ఊరుకుంది. పాట గొంతులోనే ఉండిపోయింది. జీవితమంతా మోటారు చప్పుళ్ళు విన్న చెవి అది. ఇక దాన్ని మోసం చేయడం కుదరలేదు. పిల్ల పడుకుంటున్నది తన పాటకి కాదు, ఆ పెట్టెలోని ఫ్యాను రొదకి. కూతురు ఆపొద్దన్నది అందుకన్నమాట. ఇంతసేపూ ఎగిరిన మీసం కిందికి దిగింది.

సరే, పెట్టిన సెట్టింగ్ తీసేద్దామని చూస్తే స్క్రీన్ పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ కూతురి దగ్గర. కూతురు తలుపు అవతల. చేసేది లేక ఒక చేత్తో పాపను పట్టుకుని, రెండో చేత్తో మౌస్‌ని పిండి రుబ్బినట్టు తిప్పడం మొదలుపెట్టాడు.

"పాట ఆపారేం? పాడండి!" అని గుమ్మంలోంచి అమ్మమ్మ కళ్ళెర్రజేసింది. "పిల్ల బతుకు మీ గొంతులో ఉంది."

నిజం చెప్పడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు. అందుకని తిప్పుతూ పాడాడు, పాడుతూ తిప్పాడు, తలుపు తెరుచుకునేదాకా.

కూతురు వచ్చేసరికి ఆయన భుజం కొయ్యబారిపోయింది. పాప పడుకునే ఉంది.

"ఏమైందే?" అంది అమ్మమ్మ.

"తీసుకున్నారు."

తాతయ్య మౌస్ వదిలేశాడు. మీసం మళ్ళీ లేచింది. "ఏడుపు వినపడిందా?"

"ఏడుపు ఏమోగానీ, పాట వినపడింది. ఇంటర్వ్యూ చేసినావిడ కాసేపు చెవొగ్గి, మీ ఇంటి పక్కన ఏదైనా కార్ఖానా ఉందా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"మా నాన్న అన్నాను." కూతురు పెదవి కొరుక్కుంది. "ఇంటి నుంచి చేసే ఉద్యోగమే, కానీ మీ ఇంట్లో కష్టమండీ, ఆఫీసుకే వచ్చెయ్యండి, అక్కడ సీటు ఇస్తాం అన్నారు. పొద్దున్నించి సాయంత్రం దాకా. మరి పాపని ఎలా..."

తాతయ్య తల వంచుకున్నాడు. "నన్ను నమ్ముకోకే తల్లీ. అది నా పాట కాదు, నీ కంప్యూటర్. దానికి నిద్ర నేర్పి నేనే చెడగొట్టాను. నా వల్ల ఏమీ..."

"ఉష్," అంది అమ్మమ్మ.

ముగ్గురూ మాట్లాడుకుంటూ ఉండగా స్క్రీన్ ఎప్పుడో నల్లబడింది. బల్ల కింద పెట్టె ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. గదిలో ఏ చప్పుడూ లేదు. పాప మాత్రం తాతయ్య చొక్కా గుండీ పిడికిట బిగించి, ఆయన మెడ మీద చొంగ కారుస్తూ నిద్రపోతోంది.

తాతయ్య ఊపిరి బిగబట్టాడు.

"కదలకండి," అంది అమ్మమ్మ, ఎన్నడూ లేనంత మెత్తగా. ఆయన నడుము వెనక ఒక దిండు సర్దింది.

అలా ఆ పూట ఆ ఇంట్లో ఇద్దరికి ఉద్యోగాలు వచ్చాయి. జీతం మాత్రం ఒక్కరికే.