కార్డుకు వేరు కాపురం

మన వరంగల్ జంపఖానా నేతగాళ్ల సంఘం 1987లో కంప్యూటర్ యుగంలో అడుగుపెట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇకమీదట ఏ డిజైనైనా ముందు కంప్యూటర్ తెర మీద కనబడాలి, ఆ తర్వాతే నూలు ఇస్తారు. ఇదివరకు నేతగాళ్లు డిజైన్‌ను మనసులో పెట్టుకుని నేసేవారు. మనసులను తనిఖీ చేసే వీల్లేక సంఘం చాలా బాధపడేది.

వచ్చిన యంత్రం చిన్నది, రేడియో అంత. లెక్కలు చేసేదీ, బొమ్మలు గీసేదీ దాని లోపల ఒకే మెమరీని పంచుకునేవి. బొమ్మ మొదలైతే లెక్క ఆగేది, లెక్క మొదలైతే బొమ్మ సగంలో నిలిచేది. బొమ్మలకు సొంత మెమరీ ఉన్న కార్డు విడిగా కొనుక్కోమన్నాడు యంత్రం తెచ్చిన హైదరాబాద్ ఇంజనీరు.

సంఘం రెండుగా చీలింది.

"ఉమ్మడి కాపురం మన సంస్కృతి. లెక్కలు, బొమ్మలు ఒక్క పొయ్యి మీదనే వండుకోవాలె" అని అధ్యక్షులు రాజేశ్వర్ రావు గారు గర్జించారు.

"ఒకని కష్టం ఇంకొకడు తినుడేంది? వేరు పెట్టుండ్రి" అని ఉపాధ్యక్షుడు కొమురెల్లి బల్ల గుద్దాడు.

ఈ మేధోమథనం శివరాత్రి నుంచి బతుకమ్మ దాకా సాగింది. అన్నాళ్లూ డిజైన్ తెర మీదికి రాలేదు గనక మన సంఘంలో నేసే కట్టమ్మ మగ్గం మీదికి నూలూ రాలేదు. ఆమె రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేది.

"సారూ, నూలెప్పుడిస్తరు? ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదు."

"పొయ్యిల సంగతే తేల్చుతున్నమమ్మా" అన్నారు అధ్యక్షులు దయతో.

చివరికి కార్డు కొన్నారు. అన్నదమ్ములు వేరుపడితే కులపెద్దలు కూర్చుని గిన్నెలు పంచుతారు గదా, కార్డుకూ అలాగే జరిపించారు. దాని వాటాకు ఒక గది, ఒక ఫ్యాను, రెండు స్టీలు గ్లాసులు వచ్చాయి. చేటలో పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, తూర్పు గదిలో కాపురం పెట్టించారు. కంప్యూటర్ పడమటి గదిలోనే ఉండిపోయింది. అన్న ఇంట్లో తమ్ముడి గిన్నె మిగలకూడదని, దాని లోపల బొమ్మలు గీసే పాత భాగాన్నీ ఆపించారు. కార్డును కంప్యూటర్ లోపల బిగించాలని మొత్తుకున్న ఇంజనీరుకు, వేరుపడ్డవాళ్లను మళ్లీ కలిపే దుర్బుద్ధి ఉందని గ్రహించి, శాలువా కప్పి హైదరాబాద్ బండి ఎక్కించారు.

ప్రారంభోత్సవానికి పరచడానికి సంఘంలో ఒక్క జంపఖానా లేదు. కట్టమ్మ ఇంట్లో మిగిలిన ఒక్కటీ తెప్పించి పరిచారు. మనమంతా సుఖంగా కూర్చున్నాం. మీట నొక్కారు. తెర నల్లగా నిలిచింది.

"ఎంత నిండైన రంగు! మన మొట్టమొదటి కంప్యూటర్ డిజైన్ ఇదే, మంజూరు చేస్తున్న" అన్నారు అధ్యక్షులు. చప్పట్లు మోగాయి.

కట్టమ్మ ముందుకొచ్చింది. "గట్లయితె నల్ల నూలన్న ఇయ్యుండ్రి సారూ."

నల్ల నూలు స్టాకులో లేదు.

ఆమె మన వైపు తిరిగింది. "అయ్యా, జర లేస్తరా? ఆ జంపఖాన అమ్ముకుంటెనే ఇయ్యాల మా ఇంట్ల బువ్వ."

ఒక్కరూ లేవలేదు. అందరం ఒక్క గొంతుతో కసిరాం.

"జరుగక్కా! తెర కనబడ్తలేదు!"