సరస్సంతా విన్న సర్వే

ఆ ఉదయం విల్యా వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, సరస్సులో దూకాలి, పైకొచ్చి మళ్ళీ కాఫీ తాగాలి. ఆ తరువాత మొగుడి పక్కన కూర్చుని ఏమీ చేయకూడదు. పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. మెట్ల మీద తర్మో చిక్కుపడ్డ గాలం విప్పుకుంటున్నాడు. ఆ గాలానికి ఇంతవరకూ చిక్కింది అతనొక్కడే. ఇద్దరూ పాత అద్దె ఇళ్ళు ఖాళీ చేసేశారు, తాంపెరే నగరంలో కొత్త ఫ్లాటు ఆగస్టు దాకా చేతికి రాదు. అందాకా తర్మో మేనత్త హిల్కా గారి వేసవి గుడిసే వాళ్ళ ఇల్లు.

గుడిసెలో కరెంటు లేదు, కుళాయి లేదు. నీళ్ళు సరస్సులోంచి తోడుకోవాలి. అవసరం ముంచుకొస్తే దోమలతో పోట్లాడుతూ చెట్ల వెనక ఉన్న చెక్క గదికి పరుగెత్తాలి. ఫిన్‌లాండ్ వాళ్ళు ఏడాదంతా కష్టపడి సంపాదించేది వేసవిలో ఇలా బతకడానికే. విల్యాకు ఆ గుడిసె మీద మనసు పడిపోయింది.

పడితే సరా? అత్తయ్య దాన్ని రాసివ్వాలా, అమ్మేయాలా అన్నది శనివారం వచ్చి తేలుస్తానంది. ఆమె షరతు ఒక్కటే. "ఈ ఒడ్డున ఒకరి జోలికి ఒకరు పోరు. నేనెవర్నీ ఏదీ అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. ఆ మర్యాద నిలబెడితే గుడిసె మీది."

"నోరు మూసుకుని కూర్చోవడమేగా, ఏం కష్టం?" అన్నాడు తర్మో.

"నీకేం, నువ్వు పెళ్ళిలో కూడా మాట్లాడలేదు" అంది విల్యా.

అప్పుడే ఫోను మోగింది. సిగ్నలు దొరికేది పడవల రేవు చివరి పలక మీదే. విల్యా ఒక్క పరుగున అక్కడికి చేరింది. గణాంక కార్యాలయం నుంచి ఒక ఆడగొంతు. ఇళ్ళ సర్వే కోసం దేశమంతా కలిపి చీటీలు తీస్తే విల్యా పేరు వచ్చిందట. ఉద్యోగం, ఆదాయం, ఇంటి వసతుల గురించి కొన్ని ప్రశ్నలట. విల్యా బడిలో లెక్కలు చెబుతుంది. ఆమెకు లాటరీ తగిలినంత సంబరమైంది. గాలి హోరులో అవతలి మాట సరిగా వినబడక తనూ గొంతు పెంచింది.

"గత వారం జీతం వచ్చే పని కనీసం ఒక గంటైనా చేశారా?"

"ఒక్క గంట కూడా లేదండీ!"

"మీ భర్త?"

"ఆయనా అంతే! పొద్దంతా పడకలోనే!"

"ఇంట్లో మరుగుదొడ్డి?"

"లేదు! ... రెండోదండీ, రెండోది!"

"మాంసమో చేపో రోజు విడిచి రోజైనా తింటున్నారా?"

"ఎక్కడండీ! ఒక్క చేపా పడందే! ... రెండోది!"

"సరిపోయే బూట్లు రెండు జతలున్నాయా?"

"ఇక్కడ రబ్బరు బూట్లే ఉన్నాయి, ఇద్దరికీ కలిపి ఒకటే జత!"

ఆఖర్న జీతం అడిగారు. విల్యా చటుక్కున వంగి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గుసగుసగా చెప్పింది. జీతం పైకి చెప్పుకోవడం ఎంత అమర్యాదో ఆమెకు తెలియదా?

నీళ్ళ మీద మాట ఎంత దూరం పోతుందో మాత్రం తట్టలేదు. ప్రశ్నలు విల్యా చెవిలోనే ఉండిపోయాయి. జవాబులు సరస్సు దాటాయి. ఎదుటి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న రౌనో గారూ, పక్క రేవులో ఈత ముగించి ఒళ్ళు తుడుచుకుంటున్న ఒర్వోకీ గారూ కదలకుండా నిలబడి అంతా విన్నారు.

తలుపు తట్టి "ఏమ్మా, ఇబ్బందుల్లో ఉన్నారా?" అని అడిగే మొరటుతనం ఆ ఒడ్డున ఎవరికీ లేదు. మర్నాడు పొద్దున రేవు మీద కాగితంలో చుట్టిన పొగబెట్టిన చేపలు కనిపించాయి. ఆ మరుసటి పొద్దున ఒక గంప కొత్త బంగాళాదుంపలు, పైన సోయికూర కట్ట.

"పెళ్ళి కానుకలేమో" అన్నాడు తర్మో, నోట్లో చేపతో.

విల్యా పొంచి చూసింది. మాసికలు వేసిన పడవలో, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరుతో రౌనో గారు చప్పుడు కాకుండా తెడ్డు వేసుకుంటూ పోతున్నాడు. ఆమె గుండె కరిగిపోయింది. "అయ్యో తర్మో, ఆయనకే గతిలేదు, మనకి పెడుతున్నాడు!"

ఆ రౌనో గారు కిటికీల కర్మాగారం యజమాని. వేసవిలో అందరిలాగే పాతబట్టలు కట్టుకుని సుఖంగా ఉన్నాడంతే. అది తెలియని విల్యా ఏలకుల బన్నులు కాల్చి, తర్మో పెళ్ళికని వాళ్ళమ్మ అల్లిన ఉన్ని స్వెట్టరులో మూటగట్టి, ఆయన రేవులో పెట్టి వచ్చింది.

"నా స్వెట్టరే దొరికిందా?" అన్నాడు తర్మో.

"ఆయన మోచేతులు చూశావా?"

అవతల రౌనో గారు మూట విప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఉన్న ఒక్క మంచి బట్టా ఇచ్చేశారు, పౌరుషం గల పిల్లలు! అది చూసిన ఒర్వోకీ గారు, పూర్వం జడ్జి, విచారణ అక్కర్లేదని తీర్పు చెప్పేసింది. ఆ పొద్దు నుంచి కానుకలు పెరిగాయి. కట్టెలు వచ్చాయి, బూట్లు వచ్చాయి, జామ్ సీసాలు వచ్చాయి. శుక్రవారం పొద్దున రేవు మీద ఒక ఉయ్యాల తొట్టి ఉంది.

తర్మో ఉయ్యాలనీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. "విల్యా, నాకేమైనా చెప్పాలా?"

"ముందు నాకెవరైనా చెప్తే కదా!"

శనివారం అత్తయ్య కారు దిగే వేళకి సరస్సు మీద పడవల వరస వస్తోంది. పలకలు, రంపాలు, మేకుల డబ్బాలు. ముందు పడవలో తర్మో పెళ్ళి స్వెట్టరు తొడుక్కున్న రౌనో గారు, ఆయన ఎదురుగా మహారాజులా కూర్చున్న సరికొత్త కమోడు, నీళ్ళ అవసరం లేని రకం. ఆ ఒడ్డున ఒకేసారి అంతమంది నిలబడటం ఎవరూ చూసి ఎరగరు. అత్తయ్య కారు తలుపు వేయడం కూడా మరిచిపోయింది. గుడిసె చేజారిపోయిందనే అనుకుంది విల్యా.

రౌనో గారు టోపీ తీశాడు. "క్షమించాలి, హిల్కా గారూ. మీ పిల్లల పరిస్థితి మేం వినాలని విన్నది కాదు. నీళ్ళే మోసుకొచ్చాయి."

"పరిస్థితా?" అత్తయ్య గిరుక్కున తిరిగింది.

"సర్వే అత్తయ్యగారూ, అది సర్వే!" విల్యా ఏడవబోయి నవ్వేసింది. "మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. నేను టీచర్ని, ఆయన వంతెనల ఇంజనీరు. జీతాలూ బాగానే..."

"జీతం మాట మాకు వినబడలేదే?" అంది ఒర్వోకీ గారు జడ్జి గొంతుతో.

"అది గట్టిగా చెప్తారాండీ ఎవరైనా!"

చెప్పరని అందరూ తలలూపారు.

"మరి రెండోది, రెండోది అని ఎందుకరిచావు?" అంది ఒర్వోకీ గారు. "రెండో నెల కాబోలనుకుని అటక మీంచి ఉయ్యాల దింపించాను."

"లేదు అన్నప్పుడల్లా ఎందుకు లేదని అడుగుతారండీ. కొనలేక అయితే మొదటిది, అక్కర్లేక అయితే రెండోది. నాకన్నీ రెండోదే!"

"వారమంతా పడకలో ఉన్నవాళ్ళని ఏమని రాసుకున్నారు?" అన్నాడు రౌనో గారు.

"జీతంతో సెలవు కాబట్టి ఉద్యోగులమనే."

"ఈ బరువంతా మోసిన మమ్మల్ని?"

"మీకు జీతం లేదుగా... ఒక్క గంట కూడా పని చేయనట్టే."

రౌనో గారు చెమట తుడుచుకుని కమోడు మీద కూలబడ్డాడు. "దేశం లెక్క బాగానే ఉంది. నా నడుం లెక్కే వేరు."

అందరూ తప్పయిందంటూ పలకలు తిరిగి పడవల్లోకి ఎత్తబోయారు.

"ఆగండి" అంది అత్తయ్య. "రౌనో గారూ, మీరు లేవండి. అది మాత్రం అక్కడే ఉంచండి."

"అత్తా, మనకక్కర్లేదుగా!"

"నీకక్కర్లేదురా. నా మోకాళ్ళనడిగావా? ఆ చెట్ల వెనక్కి పోయేసరికి నాకు తీర్థయాత్ర చేసినంత పనవుతోంది." ఆమె ముక్కు ఎర్రబడింది. "నాది మొదటిదీ కాదు, రెండోదీ కాదు. అడగడానికి సిగ్గు. దానికి మీ సర్వేలో నంబరుందా, అమ్మాయ్?"

"మీరెవరితోనూ మాట్లాడరనుకున్నాం" అంది ఒర్వోకీ గారు నెమ్మదిగా.

"మీరే మాట్లాడరని నేననుకున్నా."

ఇక రంపాలు మోగాయి. విల్యా కుండల కొద్దీ కాఫీ కాచింది. తర్మో తన స్వెట్టరు పక్కనే నిలబడి మేకులు అందించాడు. సాయంత్రానికి గుడిసె మూలన కమోడుకు కొత్త గది లేచింది. అత్తయ్య అన్నేళ్ళ మాటలూ ఆ ఒక్క పూటలో మాట్లాడేసి, ఆఖర్న విల్యా చెయ్యి పట్టుకుంది.

"మాటంటే మాటే. మీరూ ఎవర్నీ ఏదీ అడగలేదు. గుడిసె మీది."

విల్యా ఆమెను వాటేసుకుని గిరగిరా తిప్పింది.

"కాకపోతే ఇంత సుఖమూ, ఇంతమంది మనుషులూ ఇక్కడుంటే పట్నంలో నాకేం పని? రేపే పెట్టె తెచ్చుకుంటాను. వేసవంతా మీతోనే."

ఆ గుడిసెలో కొత్త దంపతులు లోపల గడియ పెట్టుకోగల గది ఇప్పుడు ఆ కొత్తదొక్కటే, అందులో ఎక్కువసేపు అత్తయ్యే ఉంటుంది.