దొరసాని పాము మాయమైన కేసు

"ఈ కొండల్లో నేరస్థుడికి రెండే దారులు. లొంగిపోవడం, లేదా ఈ ఎలిజియో చేతికి చిక్కడం!"

గొర్రెపాల చీజు తూస్తూ ప్రకటించాడు ఎలిజియో. ఆయన ఇంతవరకు చేపట్టిన కేసులు రెండు. తప్పిపోయిన మేక తనంతట తానే ఇల్లు చేరింది. పోయిన కళ్లజోడు ఆయన నెత్తిమీదే దొరికింది. అయినా చీజు కొట్టు ముందు 'డిటెక్టివ్' అని బోర్డు కట్టాడు. సరుకు కంటే బోర్డు ముఖ్యమని ఆ వ్యాపారి నమ్మకం.

"బాబాయ్, ఉపన్యాసం తర్వాత. దొరసాని కనబడటం లేదు," అంది పక్కింటి ఒరియెట్టా.

దొరసాని అంటే నాలుగు చారల పాము. విషం లేదు గానీ మనిషి నిలువంత పొడవు. ఇవాళ ఊళ్లో, పాముకాటు నుంచి కాపాడతాడని నమ్మే పునీతుడు సాన్ దొమేనికో ఊరేగింపు. విగ్రహం మెడలో తొలి పాము వేసే హక్కు అందరికన్నా పొడుగాటి పామును పట్టినవాళ్లది. ముప్ఫై ఏళ్లు ఆ పని చేసిన ఒరియెట్టా తాతకు ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. మంచు కరిగినప్పటి నుంచి రాళ్లగుట్టలన్నీ గాలించి దొరసానిని పట్టింది ఆ పిల్లే. చర్చి గంట మోగేలోగా అది దొరక్కపోతే హక్కు, రెండో పొడుగాటి పామును పట్టిన గాస్పరేకి పోతుంది.

"ముఠా పని!" తేల్చేశాడు ఎలిజియో.

"ముఠా లేదు, మూత లేదు. నిన్న సాయంత్రం చీజు ఇవ్వడానికొచ్చి, పాముపెట్టె చూసి గెంతావుగా? అప్పుడే పెట్టెను తన్నుంటావు, మూత ఊడింది. కోటు కూడా వదిలేసి పారిపోయావు. ఇదిగో."

"పారిపోలేదమ్మా. వ్యూహాత్మకంగా నిష్క్రమించాను," అంటూ కోటు తొడుక్కున్నాడు.

అసలు సంగతి, ఎలిజియోకి పామంటే వణుకు. పాములు పట్టే ఊళ్లో పుట్టి పాముకు జడవడం, రేవులో పుట్టి చేపల వాసన పడకపోవడం లాంటిది. ఆ లోటు పూడ్చుకోవడానికే డిటెక్టివ్ అయ్యాడు.

కోటు ఎందుకో బరువుగా ఉంది. 'బాధ్యత' అనుకున్నాడు. దారిలో ఒక పిల్లి ఆయన్ను చూసి వీపు విల్లులా వంచి బుస్సుమంది. 'పిల్లికి ఏదో తెలుసు' అని పుస్తకంలో రాసుకున్నాడు.

ఒరియెట్టాను వెంటబెట్టుకుని వెళ్లేసరికి గాస్పరే ఇంట్లో పొయ్యి భగభగ మండుతోంది.

"దొంగవి నువ్వే! పాముకు వెచ్చదనం కావాలి. ఊళ్లో ఇవాళ నిప్పు రాజేసింది నువ్వొక్కడివే!"

"చలేస్తే పొయ్యి వెలిగించక, నీ మొహం వెలిగించమంటావట్రా?"

ఎలిజియో విజయగర్వంతో పొయ్యికి వీపు తిప్పి నిలబడ్డాడు. కోటు వెచ్చబడింది. లోపల ఏదో కదిలింది. జేబు చిరిగి ఏడాదైంది, కుట్టించడం దండగని వదిలేశాడు. ఆ చిరుగులోంచి అస్తరులో దూరి పడుకున్న దొరసాని, అదే దారిన బయటికొచ్చి ఆయన మెడ చుట్టుకుంది.

ఎలిజియో ఉన్నచోటే కొయ్యబొమ్మలా బిగుసుకుపోయాడు.

"అలాగే ఉండు బాబాయ్," ఒరియెట్టా మెల్లగా అంది. "గట్టిగా పట్టుకోకు. కింద చెయ్యి ఆనించు, అంతే. అది కరవడానికి రాలేదు, వెచ్చగా ఉందని వచ్చింది. ముందు ఊపిరి పీల్చు."

పీల్చాడు. చెయ్యి ఆనించాడు. జిగటగా ఉంటుందని యాభై ఏళ్లు భయపడ్డాడు. తీరా చూస్తే పొడిగా, మాగిన చీజు పైపొరలా నున్నగా ఉంది. ఇన్నేళ్లూ పడ్డ భయమంతా దండగ ఖర్చు!

"ఓరి వీడి నిబ్బరం! మా తాత కూడా ఇంత కదలకుండా నిలబడలేదు," అన్నాడు గాస్పరే, నోరు తెరిచి.

గంట మోగింది.

"ఇటివ్వు బాబాయ్, పద."

"విగ్రహం మెడలో వేసేది నువ్వే. చర్చి దాకా మాత్రం నేనే తెస్తాను. నేరస్థురాలిని పట్టుకున్నవాడే అప్పగించాలి."

"పట్టుకున్నది నువ్వా, అదా?"

ఎలిజియో తల తిప్పకుండానే చర్చి వైపు నడిచాడు. మెడ కదిపితే దొరసానికి నిద్రాభంగం.