సూర్యుడికి నోటీసు

“ఎండ నెత్తి మీదికొచ్చింది, లెగవయ్యా.”

ఈ అరుపు అడవి మొదటి వీధి నుంచి చివరి వీధి దాకా వినబడింది. అరిచింది చుక్కమ్మ అనే పెట్ట. లేవాల్సినవాడు ఆమె మొగుడు, కుంకుమయ్య అనే అడవిపుంజు. ఆయన మద్దిచెట్టు కొమ్మ మీద తల రెక్కలో దూర్చుకుని, పొట్టని కొమ్మకి అటూ ఇటూ సమానంగా సర్దుకుని నిద్రపోతున్నాడు.

రెండో అరుపుకి ఒక కన్ను తెరిచాడు. మూడో అరుపుకి లేచి, మెడ సాచి, “కొక్కొరో” అన్నాడు. మధ్యలో ఒక త్రేన్పు వచ్చింది. అది అయ్యాక “కో” అన్నాడు.

అప్పటికి చెట్ల నీడలన్నీ చెట్ల కిందికే వచ్చేశాయి.

చుక్కమ్మ అరుపుకే నిద్ర లేచిన నక్క, కళ్ళు నులుముకుంటూ చెట్టు కిందికి వచ్చాడు. ఆయన అడవి పంచాయతీ సెక్రటరీ. పేరు నయనప్ప. చాలా మర్యాదస్తుడు.

“మూడోసారి, బావగారూ,” అన్నాడు మెల్లిగా. “నాకు మాత్రం చాలా బాధగా ఉంది.”

బాధకి ఆయన నోట్లో నీళ్ళూరాయి.

ఈ మూడోసారి సంగతేమిటో చెప్పాలి. ఒక పెద్ద అడవిలో జరిగిన వ్యవహారం ఇది. పెద్ద అడవంటే పులులున్న అడవి అనుకునేరు. కాదు, ఆఫీసున్న అడవి. ఆ ఆఫీసుకి ప్రెసిడెంటు ఎలుగుబంటి, జాంబులు గారు. డాక్టరు ముళ్ళపంది. ఆయన పెద్దగా చదువుకున్నది లేదు గానీ, సూదులు సొంతంగా ఉన్నాయని ఆయన్నే వేశారు.

ఆఫీసులో అన్నిటికన్నా ముఖ్యమైన ఉద్యోగం కుంకుమయ్యది. రోజూ పొద్దున్నే ఆయన కూయాలి. ఆయన కూస్తేనే ఆఫీసు తెరుస్తారు, పిల్లలు బడికి వెళ్తారు, ఏనుగులు ఏటికి వెళ్తాయి. పదేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు.

అడవిలో ఒకరినొకరు తినకూడదని చట్టం ఉంది. చట్టం వచ్చిన దగ్గర్నుంచి నక్క పీతలు తిని బతుకుతున్నాడు. పీతలు ఎన్ని తిన్నా పీతలే కదండీ. అయితే అదే చట్టంలో చివర ఒక చిన్న ముక్క ఉంది. కోడి మూడు రోజులు వేళ తప్పితే, ఉద్యోగం నుంచి తీసేసి ‘తదుపరి చర్య నిమిత్తం’ సెక్రటరీకి అప్పగించాలి. కుంకుమయ్య కన్నా ముందు పనిచేసిన పుంజుని అలాగే అప్పగించారు. ఆయన ఈకలు సెక్రటరీ గారి దిండులో ఉన్నాయి. దిండు బాగా మెత్తగా ఉంటుందట.

కుంకుమయ్య వేళ తప్పడు. పైగా బక్కవాడు. నక్క చాలాకాలం ఆలోచించి, ఒకనాడు సభలో లేచాడు.

“పదేళ్ళుగా మనల్ని లేపుతున్న మనిషిని మనం ఒక్కసారైనా సన్మానించుకున్నామా?”

అందరూ సిగ్గుపడ్డారు. సన్మానం అంటే ఆ అడవిలో శాలువా కప్పి పంపేయడం కాదు, భోజనం పెట్టడం. ఒక ఇంట్లో పెడితే రెండో ఇంటివాళ్ళు ఊరుకోరు. అలా అలా నలభై రోజుల సన్మానం తీర్మానమైంది. రోజుకి నాలుగిళ్ళు. పొద్దున ఒక ఇల్లు, మధ్యాహ్నం ఒకటి, దీపాల వేళ ఒకటి, పడుకోబోయే ముందు పలహారానికి ఒకటి. అతిథి ఒక్కడే తినడం ఆచారం కాదు గనక, పక్క ఆకు ముందు సెక్రటరీ కూర్చోవాలి. వచ్చిన చుట్టాలూ పక్కాలూ కూడా కూర్చోవాలి.

ఇక వడ్డన సంగతి మీకు తెలియంది కాదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీద వడ్డిస్తారు.

“అన్నయ్యగారూ, ఇంకో నాలుగు చెదపురుగులు.”

“వద్దమ్మా, గొంతు దాకా వచ్చింది.”

“అడవిపంది గారింట్లో ఆరుసార్లు వడ్డించుకున్నారట. మా చెదలే చేదయ్యాయా?”

ఆ మాటన్నాక ఏం చేస్తాడు? తిన్నాడు. పక్క ఆకులో నక్క, “మొహమాటపడకండి బావగారూ, నేను లేనా,” అని తానూ రెండోసారి వడ్డించుకునేవాడు. తాను తినకపోతే బావగారు ఆపేస్తాడని భయం.

పదిరోజులకి కుంకుమయ్య కొమ్మ మారాడు, పాత కొమ్మ వంగుతోందని. ఇరవై రోజులకి పొద్దున లేస్తే ఆకలి ఉండేది కాదు. చీకటి పడ్డాక మాత్రం ఒళ్ళంతా ఆకలే. ఇరవై ఐదో రోజున, సూర్యుడు మద్దిచెట్టు సగం ఎక్కాక కూశాడు. అది ఒకటి. ఇరవై ఎనిమిదో రోజున, చెట్టు దాటాక కూశాడు. అది రెండు.

ఆ సాయంత్రమే చుక్కమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ముళ్ళపంది పొట్ట మీద తట్టి, నాలుక చూశాడు.

“చూడమ్మా. తలలో ఒక పెద్ద గడియారం ఉంటుంది. అది వెలుగుని చూసి నడుస్తుంది. కాలేయంలో, పొట్టలో, కొవ్వులో చిన్న చిన్న గడియారాలు ఉంటాయి. అవి తిండిని చూసి నడుస్తాయి. పొద్దున తిని పొద్దుగూకాక ఆపేస్తే అన్నీ ఒక మాట మీద ఉంటాయి.”

“ఈయన ఆపట్లేదుగా.”

“అదే గొడవ. తలకాయేమో ‘చీకటైంది, పడుకోండర్రా’ అంటోంది. కాలేయమేమో ‘ఇంకా సరుకు బళ్ళు దిగుతున్నాయి, పడుకోడమేమిటి’ అంటోంది. ఆఫీసరు ఆఫీసుకి తాళం వేసేశాడు, గుమస్తాలు లోపల పని చేస్తున్నారు. అరగాల్సింది అరగదు, కరగాల్సింది కరగదు. ఏం చెయ్యాలో తెలియని సరుకంతా కొవ్వు గదిలో పడేస్తారు. తెల్లారేటప్పటికి గుమస్తాలు అప్పుడే నిద్రకి పడ్డారు. ఇక కూత ఎక్కణ్ణుంచి వస్తుంది?”

కుంకుమయ్య మొహం వేలాడేశాడు. “అయితే నా లోపల ఇంత ఆఫీసు ఉందా,” అన్నాడు.

“మందివ్వండి బాబూ,” అంది చుక్కమ్మ. “ఇంకొక్కసారి తప్పితే ఈయన దిండులోకి వెళ్ళిపోతాడు.”

“మందు లేదమ్మా. పొద్దుగూకిన దగ్గర్నుంచి కూత దాకా నోరు కట్టెయ్యాలి. పది పన్నెండు రోజులు.”

“ఈయన నోరు నేను కట్టేస్తాను. వడ్డించేవాళ్ళ చేతులు ఎవరు కడతారు?”

ముళ్ళపంది దగ్గర దానికి సూది లేదు. ఆ దీపాల వేళ కుందేళ్ళ ఇంట సన్మానం, ఆ తరవాత కోతుల ఇంట పలహారం, రెండూ తప్పలేదు. ముప్ఫయ్యో రోజున ఏమైందో మీరు మొదట్లోనే విన్నారు.

మధ్యాహ్నమే సభ పెట్టారు. నక్క మెడకి శుభ్రమైన ఆకు కట్టుకుని వచ్చాడు. కుంకుమయ్య సభ మధ్యలో నిలబడి పొట్ట చాటున కనబడని తన కాళ్ళ వైపు చూస్తున్నాడు.

“అధ్యక్షా,” అన్నాడు నక్క, “ఈ ఉద్యోగి ఇవాళ ఒక పూట ఆలస్యంగా కూశాడు. మూడోసారి. చట్ట ప్రకారం తదుపరి చర్య నాది.”

జాంబులు గారు ఆవలించి, “ఆలస్యమని ఎవరు చూశారు?” అన్నారు.

“సూర్యుడు వచ్చి ఎంతసేపైందో అందరికీ తెలుసు.”

“సూర్యుడు రావడం నువ్వు చూశావా?”

ముప్ఫై రోజులుగా బావగారి పక్క ఆకులో కూర్చున్నవాడు సూర్యోదయం ఎక్కడ చూస్తాడు? ఆయన లేచిందే చుక్కమ్మ అరుపుకి. ప్రెసిడెంటు గారు అడవిపందిని అడిగారు. ఆయన చూడలేదు. కోతుల్ని అడిగారు. వాళ్ళూ చూడలేదు. సన్మానం తిన్నవాళ్ళందరూ కూత దాకా పడుకునే ఉన్నారు. ఆ పొద్దున ఆ అడవిలో సూర్యుడు సాక్షి లేకుండా వచ్చాడు.

నక్కకి అప్పుడు గుర్తొచ్చింది. “చుక్కమ్మ చూసింది. ‘ఎండ నెత్తి మీదికొచ్చింది’ అని ఆవిడ అరవడం వీధులన్నీ విన్నాయి.”

సభంతా పెట్ట వైపు తిరిగింది. కుంకుమయ్య కూడా తిరిగాడు. ఆయన ప్రాణం ఇప్పుడు పెళ్ళాం ముక్కు చివర ఉంది.

చుక్కమ్మ కొంగు లేకపోయినా సర్దుకున్నట్టే రెక్క సర్దుకుంది.

“అరిచానండి. రోజూ అరుస్తాను. మొగుణ్ణి లేపేటప్పుడు ఎండ నెత్తి మీదికొచ్చిందనే అంటాం. చుక్కలు ఉండగా కూడా అదే అంటాం. ప్రెసిడెంటు గారింట్లో అనరా?”

జాంబులు గారు నేల వైపు చూశారు. మగవాళ్ళంతా నేల వైపే చూశారు.

“అంటారు,” అన్నారాయన. “అది సాక్ష్యం కింద రాదు. చట్టం తియ్యండి.”

చట్టం తీశారు. మొదటి పేజీలో మొదటి వాక్యం ఇది: ‘ఈ అడవిలో కోడి కూసినప్పుడే తెల్లవారినట్టు.’ కింద నయనప్ప సంతకం ఉంది. ఒకప్పుడు తాను ఆఫీసుకి ఆలస్యంగా వచ్చినా ఎవరూ అడక్కుండా, అప్పటి పుంజుని మంచి చేసుకుని రాసుకున్న వాక్యం అది.

“కాబట్టి,” అన్నారు ప్రెసిడెంటు గారు, “కుంకుమయ్య కూసినప్పుడే తెల్లవారింది. ఆయన ఆలస్యమైతే ఆఫీసు ఆలస్యం. ఆఫీసు ఆలస్యమైతే నా ఆర్డర్లు చెల్లవు. నా ఆర్డర్లు చెల్లవని ఎవరైనా అంటున్నారా?”

ఎవరూ అనలేదు.

“మరి సూర్యుడు ముందే రావడమేమిటండీ?” అంది వెనక నుంచి ఓ కోతి.

“అదే నేనూ అడుగుతున్నాను. ఎవరి అనుమతితో వచ్చాడు? సెక్రటరీ, నోటీసు రాయి.”

నక్క రాశాడు. పనివేళలు పాటించకుండా ముందుగా ఉదయించినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. నోటీసు చేతికి అందించాల్సింది కూడా సెక్రటరీయే గనక, ఆయన ముప్ఫై రోజుల విందు పొట్టతో తూర్పుకొండ ఎక్కాడు. సూర్యుడు తీసుకోలేదు. నక్క దాన్ని బండకి అతికించి సభకి తిరిగొచ్చాడు.

అప్పుడు లేచాడు ముళ్ళపంది.

“నోటీసుతో వింటాడా అధ్యక్షా? నిరసన ఉండాలి. సూర్యుడు దారికి వచ్చేదాకా, ఆయన దిగిపోయిన దగ్గర్నుంచి మన కోడి కూసేదాకా ఎవరూ పచ్చి గింజ ముట్టకూడదు. వడ్డించకూడదు. సన్మానాలు కూడా వాయిదా. నిరాహార దీక్ష.”

మందంటే ఒక్కరు కూడా వినరు గానీ, నిరసనంటే ఆ అడవిలో వెనకాడేవాడు లేడు. కోతులు అక్కడికక్కడే నినాదాలు తయారుచేశాయి. వడ్డించే ఆడవాళ్ళు గరిటెలు దాచేశారు, సూర్యుడి మీద కోపంతో.

మొదటి మూడు రోజులు కుంకుమయ్య దీపాల వేళ అయ్యేసరికి చెట్టు బెరడు పొడిచేవాడు. చుక్కమ్మ ఆ కొమ్మ కిందే కాపలా పడుకుంది. నాలుగో రోజున ఆయనకి పొద్దున పూట ఆకలేసింది. ఎన్నాళ్ళకి వేసిందో, పక్కింటివాళ్ళకి కూడా చెప్పుకొచ్చాడు. ఆరో రోజుకి సూర్యుడు మద్దిచెట్టు నడిమికి రాకముందే కూత వచ్చింది. తొమ్మిదో రోజుకి పాత కొమ్మ ఆయన్ని మళ్ళీ మోసింది.

పదకొండో రోజున కూతా, కొండ మీది తొలి ఎరుపూ ఒక్కసారే వచ్చాయి. దీక్షతో కడుపులు తేలికై అడవంతా అప్పటికే మేలుకుని ఉంది. అందరూ చూశారు.

“లొంగాడు,” అన్నారు జాంబులు గారు.

సభ ఏకగ్రీవంగా రాసుకుంది: ‘మన నిరసనకు తలవంచి సూర్యుడు తన వేళలు సరిచేసుకున్నాడు. గత తప్పులు క్షమించడమైనది. అయితే ఆయన మళ్ళీ వేళ తప్పకుండా ఉండేందుకు దీక్ష శాశ్వతంగా కొనసాగును.’

చుక్కమ్మ డాక్టరుని పక్కకి పిలిచింది. “మీ మందు పని చేసిందని చెప్పరేం బాబూ?”

“చెబితే మానేస్తారమ్మా,” అన్నాడు ముళ్ళపంది.

విజయోత్సవానికి పొద్దున్నే, లేత ఎండలో, మోదుగాకు విస్తళ్ళు వేశారు. ఆచారం ప్రకారం కుంకుమయ్య పక్క ఆకు సెక్రటరీది. నక్క నిలబడి ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు. జుట్టు, ముక్కు, రెండు ఎముకలు. పీతకైనా ఇంతకన్నా కండ ఉంటుంది.

“బావగారూ, బాగా చిక్కిపోయారు,” అని గరిటె ఎత్తాడు. “ఇంకో నాలుగు.”

కుంకుమయ్య విస్తరి మీద రెక్క అడ్డం పెట్టి, “చాలు,” అన్నాడు.

ఆ అడవిలో ఆ మాట విని ఆగిన మొదటి గరిటె అదే. అంతా దీక్షలో ఉన్నవాళ్ళు గనక ఎవరూ తప్పుపట్టలేదు.

“మీరూ కూర్చోండి సెక్రటరీ గారూ,” అంది చుక్కమ్మ. “ఎంతసేపని నిలబడతారు? మీ పీతలు చల్లారిపోతున్నాయి.”

నక్క కూర్చున్నాడు. ప్రెసిడెంటు గారు “కానివ్వండి” అన్నారు. అందరూ ఒక్కసారే చెయ్యి కలిపారు.

నీతి: మన గడియారం తప్పితే సూర్యుడికి నోటీసు ఇవ్వొచ్చు, తప్పేం లేదు, కాకపోతే ఆయన జవాబు వచ్చేదాకా దీపాల వేళ తర్వాత ఏమీ తినకూడదు.