ఉతికి ఇచ్చిన పొట్లాలు

ఆ ఉదయం పొడి మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే, ఆరు పొట్లాలను ఎవరి కంటా పడకుండా వాటి చోట పెట్టేయడం. రెండు యాంటీబయాటిక్‌లు కలిపి, ఊపిరితో లోపలికి పీల్చుకునే పొడి తయారుచేయడం ఆయన ఉద్యోగం. అందుకే ఇంట్లోవాళ్లు ఆ పేరు పెట్టారు. ఆ పొడికి తేమంటే గిట్టదు. డబ్బా మూత కింద తేమ పీల్చే పొట్లాలు ఉండాల్సిందే. పోయిన నెల ఆయన వాటిలో ఆరింటిని జేబులో వేసుకెళ్లి ఇంట్లో ఉప్పు జాడీలో పెట్టారు. ఇవాళ పొట్లాలు లెక్కపెడతారట.

తొలి డబ్బా ఆసుపత్రికి వెళ్లేది కూడా ఇవాళే. అక్కడ ఆయన అక్క ఎదురుచూస్తోంది. మూడేళ్లుగా ఏ మందుకూ లొంగని దగ్గు ఆమెది.

భార్య చేతికిచ్చిన పొట్లాలు తెల్లగా మెరుస్తున్నాయి. ఆయన మురిసిపోయి, మందుల కంపెనీకి వెళ్లగానే తొలి డబ్బాలో సర్దేశారు.

పదకొండింటికి పరీక్ష చేసే అమ్మాయి మూత తీస్తే పొడి అట్టకట్టి ఉంది. తప్పు ఆరబెట్టే యంత్రానిదేనని మేనేజరు తేల్చేశాడు. మెకానిక్ వచ్చి, యంత్రం విప్పడానికి తలుపులు బార్లా తెరిచాడు. బయట వాన. గదంతా తేమ ఎక్కి రెండో డబ్బా ముద్దయింది. అది చూసి కంగారులో మూత తీసిన మూడోదీ అంతే. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కకెళ్లి ఇంటికి ఫోను చేశారు.

"ఆ పొట్లాలు ఏం చేశావు?"

"ఉప్పు అంటుకున్నవి అలాగే తిరిగిస్తే ఏం బాగుంటుందండీ? సబ్బు పెట్టి ఉతికాను. పైకి ఆరినట్టే ఉన్నాయిగా."

మాస్టారు మేనేజరు గదికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నారు. మేనేజరు లేచి గది తలుపు మూసొచ్చాడు.

"మొత్తం తగ్గినవి నలభై ఆరు. నలభై మా ఇంట్లో కెమెరా సంచిలో, బూట్లలో ఉన్నాయి. ఆ లెక్క నేనే ఎలాగో సర్దేసేవాణ్ణి. మీరు తెచ్చి పెట్టకపోయినా ఎవరికీ తెలిసేది కాదండీ."

సాయంత్రం మాస్టారు ఆసుపత్రికెళ్లి అక్కకు అంతా చెప్పారు. కొత్త పొడికి నెల పడుతుందని కూడా చెప్పారు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. మాస్టారు మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డారు.

"నెలేగా, ఉంటాలే," అంది చివరికి. "మరదల్ని మాత్రం ఏమీ అనకురా."

మాస్టారు ఇంటికొచ్చి చూస్తే, పొట్లాలు తీసేసిన జాడీలో ఉప్పు కూడా గడ్డకట్టి ఉంది.