సర్వరుకి కప్పిన శాలువా

ఒక్క ప్రశ్న అడుగుతాను, పక్కవాళ్ళ మొహాలు చూడకుండా జవాబు చెప్పండి. మీ ఇల్లంతా నడిపే యంత్రాన్ని దాని పని చూసి తెచ్చుకున్నారా, దాని లైట్లు చూసి మురిసిపోయి తెచ్చుకున్నారా?

నవ్వకండి. కథ విన్నాక నవ్వుదురుగాని.

ఒక పెద్ద అడవిలో అన్నీ వాటంతటవే జరిగే ఏర్పాటు చేశారు. గుహ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. వాగు నీళ్ళు గట్టు మీది ఎర్ర గీతని తాకితే తూము తలుపు దానంతటదే దిగిపోతుంది. ఆ తలుపు దిగకపోతే పల్లంలో ఉన్న బొరియలన్నీ మునుగుతాయి. ఈ పనులన్నీ చేసేది సర్వర్ అనే ఒకే ఒక్క డబ్బా. అంతవరకూ అరచేతిలో పట్టే చిన్న బోర్డు ఒకటి ఆ పని చేసేది. పాపం, దానిలోని మెమరీ కార్డు రాసి రాసి అరిగిపోయి, ఒకరోజు ప్రాణం వదిలింది.

వానలకి ఇంకా రెండు వారాలే ఉంది. కొత్త సర్వర్ కావాలి. కాబట్టి అడవి ఏం చేసింది? కమిటీ వేసింది.

అధ్యక్షుడు జూలుగారు, సింహం. ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. పోటీ చేస్తానన్నవాళ్ళు ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు మరి. సాంకేతిక సలహాదారు పింఛం గారు, నెమలి. గుమాస్తా గాడిద. మెషిన్లు బాగుచేసే తాబేలు డిప్పమ్మని కూడా పిలిచారు, కుర్చీ మాత్రం వెయ్యలేదు.

నెమలి తెచ్చిన డబ్బాకి ఒక పక్క గోడంతా అద్దమే. లోపల ఏడు రంగుల లైట్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ తిరుగుతున్నాయి.

"దీని వేగం ముందు చిరుతపులి దిగదుడుపు అధ్యక్షా," అంది నెమలి తోక విప్పి.

"తూము తలుపు దించడానికి చిరుతపులెందుకు నాయనా?" అంది డిప్పమ్మ. తన సంచీలోంచి స్క్రీను పగిలిన పాత ల్యాప్‌టాప్ ఒకటి తీసి పెట్టింది. "ఇది ఆరేళ్ళ నుంచి నా దగ్గర ఒక్కరోజు కూడా ఆగలేదు. కరెంటు తక్కువ తాగుతుంది. బ్యాటరీ దాని కడుపులోనే ఉంది."

సభలో కిసుక్కుమన్నారు. "పగిలిన మొహం వేసుకొని సభకొచ్చిందేంటి?" అని ఎవరో అన్నారు.

డిప్పమ్మ వాదించలేదు. రెండింటికీ తూము తలుపు నడిపే పని అప్పజెప్పి, రెండింటి కరెంటు తీగలూ ఒకేసారి పీకేసింది. నెమలి డబ్బా గుడ్డిదైపోయింది. ల్యాప్‌టాప్ చలించలేదు. మళ్ళీ తీగలు పెట్టింది. నెమలి డబ్బా మాత్రం, ఎవరైనా వచ్చి బటన్ నొక్కేదాకా అలాగే కూర్చుంది.

"చూశారా!" అన్నాడు జూలుగారు ఉప్పొంగిపోతూ. "పైవాళ్ళ అనుమతి లేనిదే లేవదు. ఎంత వినయం! ఆ రెండోది తీగ పీకినా ఆగలేదు. అంటే చెప్పినా వినదన్నమాట. అలాంటివాళ్ళు మనకొద్దు."

గాడిద చకచకా రాసింది: 'విధేయత ప్రాతిపదికన ఎంపిక.'

"పోనీ తలుపులకి చేతి గడియలైనా ఉంచండి," అంది డిప్పమ్మ.

"స్మార్ట్ తలుపుకి గడియా? పక్క అడవి వాళ్ళు నవ్విపోతారు!" అని నెమలి అదే రోజు గుహ తలుపు గడియ ఊడపీకించింది.

గుహలో ప్రారంభోత్సవం అదిరిపోయింది. డబ్బాకి బొట్టు పెట్టారు, బంతిపూల దండ వేశారు. చివర్లో జూలుగారు స్వహస్తాలతో జరీ అంచు శాలువా కప్పాడు. గాలి పోయే కన్నాలన్నీ దాని కిందికెళ్ళిపోయాయి. చప్పట్లు కొట్టారు, ఉప్మా తిన్నారు, వెళ్ళిపోయారు. శాలువా అలాగే ఉంది.

పల్లంలో ఏడుగురు పిల్లలతో కాపురముండే పందికొక్కు కొక్కులమ్మ, మూడో రోజు పొద్దున్న గుహకొచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టింది. చురుక్కుమంది.

"అధ్యక్షా, పెనంలా కాలుతోంది. ఆ శాలువా తీయించండి. పిల్లల తల్లిని, తూము దిగకపోతే మేమే ముందు పోతాం."

"నేను కప్పిన శాలువానా?" అన్నాడు జూలుగారు.

గుహ ఒక్కసారిగా చల్లబడింది, డబ్బా తప్ప.

"కప్పడానికి అధ్యక్షుల వారి చెయ్యి చాలు, తియ్యడానికి తీర్మానం కావాలమ్మా," అంది గాడిద కళ్ళజోడు సర్దుకుంటూ. "మధ్యాహ్నం మీటింగ్ పెడతాం. మీరు బయట ఉండండి. మీరు సభ్యులు కారు."

మధ్యాహ్నం సభ్యులంతా లోపలికెళ్ళారు. తలుపు దానంతటదే మూసుకుంది. బయట వాన మొదలైంది. లోపల చర్చ కూడా అంతే జోరుగా సాగింది.

"తీయడం అంటే అవమానం," అంది ఒక జింక.

"మడత పెడదాం. మడత పెట్టడం తీయడం కాదు," అంది నక్క.

"వేడి మంచిదే, పనిచేస్తున్నట్టు గుర్తు," అంది నెమలి.

నక్క సవరణ మీద చేతులెత్తుతుండగా డబ్బా ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది. దాంతో లైట్లు, ఫ్యాను, చివరికి తలుపు కూడా ఆగిపోయాయి.

"తలుపు తియ్యండి!" అని గర్జించాడు జూలుగారు.

"గడియ లేదు అధ్యక్షా," అంది గాడిద. "పీకించినట్టు మినిట్స్‌లో ఉంది. చదవమంటారా?"

బయట వాగు ఎర్ర గీత దాటింది. తూము తలుపు కదల్లేదు. నీళ్ళు పల్లంలోకి దూకుతున్నాయి. కొక్కులమ్మ చిన్నపిల్లలిద్దరిని నోట కరుచుకొని గట్టు మీద పడేసి మళ్ళీ దిగింది.

"డిప్పమ్మత్తా! ఇంకా ఐదుగురున్నారు లోపల!"

డిప్పమ్మ గుడిసె తూము పక్కనే. పాత ల్యాప్‌టాప్ గూట్లో ఉంది. పరీక్ష రోజు నేర్పిన పనిని ఆమె చెరిపెయ్యలేదు. వానకి అడవిలో కరెంటు పోయినా అది మేలుకునే ఉంది. తూము మోటారుకీ అలాంటి పాత బ్యాటరీ ఒకటి ఆమే ఎప్పుడో తగిలించి ఉంచింది. గుహ నుంచి వచ్చే తీగని పళ్ళులేని నోటితో లాగిపారేసి, ల్యాప్‌టాప్ తీగ తగిలించింది.

కిర్రుమంటూ తలుపు దిగింది. నీళ్ళు ఆగాయి. ఐదుగురూ బురద మొహాలతో, తుమ్ములతో పైకొచ్చారు. కొక్కులమ్మ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. ఏడు.

అప్పుడు గుర్తొచ్చారు గుహలో ఉన్నవాళ్ళు. కొక్కులమ్మ కిందినుంచి కన్నం తవ్వింది. నక్క, నెమలి, జింక బయటికొచ్చాయి. గాడిద ఫైలుతో సహా వచ్చింది. జూలుగారు నడుం దగ్గర ఇరుక్కున్నాడు.

"లాగవే కొక్కులమ్మా!"

"నేను సభ్యురాల్ని కానండీ," అంది కొక్కులమ్మ పిల్లల మొహాలు తుడుస్తూ. "తీర్మానం చేసి పంపండి."

సాయంత్రం దాకా అలాగే ఉన్నాడు. అలా ఉండే తీర్మానం చేసి పంపాడు, అప్పుడు లాగింది. చరిత్రలో ఆ కమిటీ ఒక్క పూటలో తేల్చిన వ్యవహారం అదొక్కటే.

మర్నాడు జూలుగారికి జ్ఞానోదయమైంది. పాత ల్యాప్‌టాప్‌కి బహిరంగ సభలో క్షమాపణ చెప్పాడు. అంతా కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడాయన వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు. గాడిద పళ్ళెంలో మడతపెట్టి అందించింది, ముందుదానికంటే మందమైన శాలువా.

డిప్పమ్మ తల డిప్పలోకి లాక్కుంది.

కొక్కులమ్మ ఒక్క గెంతులో స్టేజీ ఎక్కింది. "ఇటివ్వండి, దాని తరఫున నేనందుకుంటాను!" అని లాక్కొని పల్లంలోకి పరుగుతీసింది. సాయంత్రానికి దాన్ని ముక్కలు ముక్కలుగా కొరికి, ఏడుగురికి మెత్తటి పక్క వేసింది. జరీ అంచు చిన్నది నమిలేసింది.

నీతి: సన్మానాలు పనిచెయ్యనివాళ్ళకి చెయ్యండి, పనిచేసేవాళ్ళకి గాలి ఆడనివ్వండి.

కథ అయింది, ఇక నవ్వుకోవచ్చు. నవ్వుతూనే లేవండి. ఇంటికెళ్ళి మీ డబ్బా మీద దుమ్ము పడకుండా కప్పిన ఆ గుడ్డ తీసేయండి, దాని తీగ ఓసారి పీకి చూడండి, తలుపు గడియ ఎక్కడ పారేశారో వెతికి మళ్ళీ బిగించండి. తీర్మానం అక్కర్లేదు, వెళ్ళండి.