ఫైర్ బాయ్స్‌కు యాభై దాటింది

బాలస్వామి నన్ను ముంచాడని గద్వాలలో అందరూ అంటారు. మా ఇంట్లో ఇంకాస్త గట్టిగా అంటారు. నిజమే, ముంచాడు. కాదని నేనెందుకు అంటాను?

అయినా సరే, బాలస్వామి లాంటివాడు ఊరికొకడు ఉండి తీరాలి. లేని ఊళ్లకు ప్రభుత్వమే ఒకణ్ని మంజూరు చేయాలి! ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని కనుక నా వాదనలో అక్కడక్కడ పగుళ్లుంటే సర్దుకుని చదవండి.

బాలస్వామి ఎవరంటారా? రాక్ స్టార్. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు, అంతే.

డెబ్బై తొమ్మిదిలో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ మూతపడితే, అక్కడ వాయించే మనిషి దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కొచ్చాడు. చర్చిలో హార్మోనియం వాయించే యేసయ్యను, పెళ్లి బ్యాండులో పెద్ద డోలు కొట్టే నన్ను కలుపుకుని ‘ఫైర్ బాయ్స్’ అని పేరు పెట్టాడు. అప్పుడు మాకు ఇరవై దాటి ఒకటో రెండో మూడో. ఇప్పుడు బాలస్వామికి యాభై రెండు, యేసయ్యకు యాభై ఒకటి, నాకు యాభై. పేరు మాత్రం అదే. బాయ్స్!

ఇరవై తొమ్మిదేళ్లుగా సక్సెస్ మాకోసం వెతుకుతోందని బాలస్వామి నమ్మకం. అడ్రసు దొరకడం లేదట పాపం.

ఇక ఇట్లాంటివాళ్లవల్ల దేశానికి ఒరిగే మేలు చూడండి.

యాభై దాటిన నలుగురు మగవాళ్లు ఒకచోట కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? షుగరు, మోకాళ్లు, ఎవరి కొడుకు మాట వినడం లేదో ఆ సంగతి. బాలస్వామి పక్కన కూర్చుని చూడండి. మొదటి ఆల్బమ్ కవరు మీద తన ఫొటో కుడివైపు తిరిగి ఉండాలా, ఎడమవైపు తిరిగి ఉండాలా అని అడుగుతాడు. ఇంకా మొదలే కాని మనిషికి ముసలితనం ఎట్లా వస్తుంది? దవాఖానలు ఇవ్వలేని మందు కాదా ఇది!

పొదుపు సంగతి చూద్దాం. పేరొచ్చిన కళాకారులకు కార్లు కావాలి, బౌన్సర్లు కావాలి, వాళ్లను చూడటానికి జనం తోసుకుంటే పోలీసులు కావాలి. మా వనపర్తి ప్రోగ్రాముకు ఒక్క కానిస్టేబులూ అవసరం పడలేదు. ఆఖరి పాటకు వచ్చేసరికి మిగిలింది కుర్చీలు సర్దేవాడు, మేము ముగ్గురం. ఎంతటి శాంతిభద్రతలు!

ఇక పరిశ్రమలు. జుట్టు రంగు కంపెనీలు బాలస్వామి లాంటివాళ్ల మీదే బతుకుతున్నాయి. ప్రోగ్రాముకు ముందు ఒక ప్యాకెట్టు కలిపి సగం తాను పూసుకుని, మిగిలిన సగం యేసయ్యకు ఇస్తాడు. రెండో పాటకల్లా చెమటతో కలిసి నల్లటి ధార కణతల మీదుగా కారుతుంది. తెలకపల్లిలో ఒక పెళ్లిలో అది చూసి పెళ్లికూతురి మేనత్త జడుసుకుని పిల్లకు దిష్టి తీయించింది. ఆ దిష్టి బాలస్వామికి తగలకుండా ఉండేందుకు అతను ఇంకో పాట పాడాడు.

వ్యవసాయానికీ మేలే! అచ్చంపేట దగ్గర ఒక రైతు పల్లిచేనులో అడవిపందులు పడుతున్నాయని మమ్మల్ని పిలిపించాడు. పొద్దుగూకే వేళ గట్టు మీద నిలబడి మా సొంత పాట ‘తీగ మీది కాకి’ పాడాం. “తీగ మీది కాకీ, నీకెందుకు లేదు షాకు” అని మొదలవుతుంది. మూడు రోజులు ఒక్క పంది రాలేదు. నాలుగో రోజు రైతు వచ్చి, పందులే నయం, మీరు పోండి అన్నాడు.

బాలస్వామి దాన్ని కూడా బయోడేటాలో రాయించాడు. ‘అచ్చంపేటలో మూడు రోజుల ఓపెన్ ఎయిర్ షో.’

పెళ్లిళ్లలో జనం సినిమా పాటలు అడుగుతారు. బాలస్వామి పాడడు.

“ఒకరి పాట మనం పాడితే, మన పాట ఎవరు పాడతరు?” అంటాడు.

“మనది మనం పాడినా ఎవరు వింటుండ్రు?” అంటాడు యేసయ్య.

“వాళ్లయి ఇంక తయారు కాలే యేసయ్యా. చెవులు.”

ఇంత ఓపిక ఏ స్వాతంత్ర్య సమరంలో చూశారు మీరు?

సరే, నా సంగతికి వస్తాను. మునిగిన సంగతి.

మా దగ్గర పత్తి అంటే బట్టల కోసం వేసే పత్తి కాదు, విత్తనం పత్తి. ఆడ సాళ్లు వేరు, మగ సాళ్లు వేరు. మధ్యాహ్నం పూట ఆడ సాళ్లలో మరునాడు విచ్చబోయే మొగ్గను చూసి, గోటితో గిల్లి, రెక్కలతో సహా మగభాగాన్ని తీసేయాలి. తీసినట్టు గుర్తుకు ఎర్రకాగితం ముక్క పెట్టాలి. మరునాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. దీన్నే క్రాసింగు అంటారు, రెండు నెలలు రోజూ ఇదే పని. ఆడ సాలులో ఒక్క మొగ్గ గిల్లకుండా వదిలితే అది తనంతట తానే పువ్వై, తనంతట తానే కాయై, మంచి విత్తనంలో కలుస్తుంది. కలిసిందో లేదో విత్తన కంపెనీవాళ్లు మొలకెత్తించి చూస్తారు. నూటికి తొంభై ఎనిమిది మంచివి రాకపోతే మొత్తం పంట వెనక్కి!

అందుకే కూలీల వెనక ఆసామి తిరగాలి. వాళ్లు విడిచిన మొగ్గ వెతికి గిల్లాలి. నమ్మకం లేక కాదు, నాలుగు కళ్లు కావాలని. పోయినేడు నాకున్న పొలం మొత్తం ఈ విత్తనానికే పెట్టాను. కంపెనీకీ మాకూ మధ్య ఉండే ఆర్గనైజరు దగ్గర అప్పు తెచ్చిన పెట్టుబడి అంతా ఆ మొగ్గల మీదే ఉంది.

సరిగ్గా ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక టీవీవాళ్లు కొత్త బ్యాండులకు పోటీ పెట్టారు. బాలస్వామి ఫారం నింపి పంపాడు. సెప్టెంబరు ఆఖరున రమ్మని జవాబు వచ్చింది!

రిహార్సలు చేయాలి. ఎక్కడ? ఊళ్లో పగలంతా కరెంటు కోత. పొలాలకు మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదింటి దాకా ఇస్తారు. బాలస్వామి బుర్రకు తట్టింది. ఆంప్లిఫయరు, గిటారు, యేసయ్య క్యాసియో, నా డ్రమ్ములు ఆటోలో వేసుకుని మా బోరు షెడ్డులో దిగారు. సింబల్ లేదు కనుక బిర్యానీ డేగ్చా మూతను తాడుతో వేలాడదీశాం.

మొగ్గ గిల్లేది కూడా ఒంటిగంట నుంచి అయిదింటి దాకానే. ఎంత సౌకర్యం! యజమాని పొలంలోనే ఉన్నాడు, కళ కూడా పొలంలోనే ఉంది.

మూడో రోజు కూలీల పెద్ద జములమ్మ షెడ్డు ముందుకు వచ్చి నిలబడింది.

“అన్నా, గా మూత కొట్టుడు ఆపు. నువ్వు కొట్టినప్పుడల్ల చెయ్యి ఎగురుతున్నది. మొగ్గ గిల్లబోతె పిందె తెగుతున్నది.”

“పాట మధ్యల ఉన్నం జములమ్మా, ఎట్ల ఆపుత?”

“పాట మధ్యల నువ్వున్నవు. సాళ్ల మధ్యల మేమున్నం. మా ఎనక ఎవరున్నరు? కొత్తగ వచ్చినోళ్లు ఎన్ని ఇడిశిపెట్టిండ్రో ఒక్కనాడన్న చూసినవా?”

“ఈ ఒక్క పాట అయినంక వస్త.”

“వాని పాట ఎప్పుడయితది? ముప్పై ఏండ్ల సంది గదే పాట.”

సాళ్లలోంచి ఎవరో అందుకున్నారు. “పోనియ్యి జములక్కా. గీ పాటకు వాన రాకపోయినా ఉన్న పురుగన్న పోతది.”

పొలమంతా నవ్వింది. బాలస్వామి మైకులో థాంక్యూ చెప్పాడు.

హైదరాబాద్ బయలుదేరే రోజు మా ఆవిడ జానకమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

“క్రాసింగు నడుస్తున్నప్పుడు పొలం ఇడిశి పోయే ఆసామిని నిన్నే చూస్తున్న” అంది.

“ఒక్కరోజు. పొద్దుగాల పోత, రాత్రికి వస్త.”

“రాకపోతే?”

“రాకపోతే మాత్రం? పొలం యాడికి పోతది?”

ఒక్కరోజు కాలేదు, నాలుగు రోజులు అయింది. టీవీ ఆఫీసు గేటు దగ్గర మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి మమ్మల్ని చూసి చాలా మర్యాదగా మాట్లాడింది.

“అంకుల్, పేరెంట్స్ వెయిటింగ్ రూమ్ అటువైపు.”

“మేమే బ్యాండమ్మా” అన్నాడు యేసయ్య.

“మీ బాబు ఏ బ్యాండ్ అంకుల్?”

మూడు రోజులు పేరెంట్స్‌తోనే కూర్చున్నాం. రాత్రులు యేసయ్య చెల్లెలింట్లో పడుకున్నాం. బాలస్వామి ఊరికే ఉండలేదు. పిల్లల్ని తొందరపెట్టవద్దని, సక్సెస్‌కు టైం పడుతుందని తల్లిదండ్రులందరికీ ధైర్యం చెప్పాడు. అంత అనుభవం ఉన్న మనిషి ఆ గదిలో ఇంకెవరున్నారు?

నాలుగో రోజు మధ్యాహ్నం పిలిచారు. స్టేజీ మీద నిజమైన డ్రమ్ములు! నిజమైన సింబల్! నా జన్మలో అటువంటి వాటిని తాకలేదు. ‘తీగ మీది కాకి’ మొదలుపెట్టాం. ఇక్కడ వెటకారం పక్కన పెట్టి ఒక నిజం చెబుతాను. ఆ నాలుగు నిమిషాలు నేను కొట్టినట్టు నేనెప్పుడూ కొట్టలేదు. పొలం గుర్తులేదు, జానకమ్మ గుర్తులేదు, నా పేరు గుర్తులేదు. చివర్లో స్టూడియోలో లైట్లు పట్టుకునే కుర్రాళ్లు కూడా తల ఊపారు.

జడ్జీలలో ఒకతను, పాతికేళ్లుంటాయి, మైకు అందుకున్నాడు.

“ఎనర్జీ సూపర్ అంకుల్. ఇంటికెళ్లి బాగా రెస్ట్ తీసుకోండి.”

బస్సులో బాలస్వామి ఆ మాటకు అర్థం విప్పాడు.

“ఇన్నవా బావా? రెస్ట్ తీసుకొమ్మన్నడు. అంటే ముందట షెడ్యూలు గట్టిగ ఉంటదన్నట్టు.”

“గట్లనే అన్నడా?” అన్నాన్నేను. అన్నాడనే నమ్మాను. ఎందుకు నమ్మానని అడగకండి. మీరైతే నమ్మరా?

మరునాడు పొలానికి పోతే ఆడ సాళ్ల నిండా పువ్వులు. లేత పసుపువి కొన్ని, నిన్నటివి గులాబీ రంగుకు తిరిగినవి కొన్ని. దారిన పోయేవాళ్లు చూస్తే ఎంత అందం అనుకుంటారు. ఆడ సాలులో రెక్క విప్పిన పువ్వు కనబడిందంటే అది గిల్లకుండా వదిలిన మొగ్గ.

“మాకు తోచినకాడికి గిల్లినం” అంది జములమ్మ. “కొత్తోళ్లు నాలుగొద్దులు ఇష్టమొచ్చినట్టు చేసిండ్రు. ఇప్పుడన్న ఏం పోలేదు. ఎర్రకాగితం లేని పిందెలన్ని ఏరి తెంపెయ్యి. వారం పని. నువ్వు దగ్గరుండాలె.”

వారం! వారంలో రెండో రౌండుకు పిలుపు వస్తే? ఒంటిగంటకు కరెంటు రానే వచ్చింది. బాలస్వామి ఆటో రానే వచ్చింది. పిందెలు రేపు తెంపవచ్చు, రిహార్సలు ఈ రోజే చేయాలి. అట్లా రోజూ రేపే అయింది. పిందెలు కాయలయ్యాయి. కాయలు పగిలాయి. దూది అంతా ఒకే తెలుపు. ఏది మంచిదో ఏది కాదో దేవుడు కూడా చెప్పలేడు.

కంపెనీవాళ్లు చెప్పారు. మార్చిలో. నూటికి ఎనభై మూడు. పంట వెనక్కి.

ఆ వారమే టీవీలో మా ప్రోగ్రాం వచ్చింది. చుట్టుపక్కలవాళ్లంతా మా ఇంట్లో చేరారు. జములమ్మ ముందు వరసలో కూర్చుంది. గంట ప్రోగ్రాంలో మేము తొమ్మిది సెకండ్లు వచ్చాం. ‘ఇట్లాంటివాళ్లు కూడా వచ్చారు’ అని నవ్వుతూ చూపించే ముక్కలో! కోతి వేషం వేసుకున్నవాడి తర్వాత, స్టేజీ మీద పడిపోయినవాడికి ముందు.

బాలస్వామి నిండుగా కనబడ్డాడు. కణత మీద నల్లధారతో సహా. యేసయ్య చేతులు కనబడ్డాయి. బాలస్వామి భుజం వెనక నుంచి ఒక కర్ర పైకి లేచి కిందికి దిగింది. అంతే.

“అన్నా, నువ్వు యాడున్నవు?” అంది జములమ్మ.

“వాని ఎనక.”



“మా ఎనక తిరగమంటె తిరగకపోతివి” అంది.

 జానకమ్మ లేచి, వచ్చినవాళ్లకు చాయ్ పెట్టడానికి పోయింది. 

మే నెలలో ఆర్గనైజరు పెట్టుబడి కింద పొలం రాసిచ్చాను. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు బాలస్వామి కూడా వచ్చాడు. సాక్షి సంతకం తానే పెట్టాడు, ఆటోగ్రాఫులాగా మెలిక తిప్పి. బయటికొచ్చాక భుజం మీద చెయ్యి వేశాడు.

“ఫికర్ చెయ్యకు బావా. గా పోటీ ఈ ఏడు మళ్ల పెడుతుండ్రంట.”

కనుక చదివేవారికి మనవి. ఇటువంటి కళాకారులు మీ ఊళ్లో ఉంటే కాపాడుకోండి. పొలం పోయిందని బాలస్వామిని నేను ఒక్క మాటా అనను. పిందెలు తెంపనిది నేను, అతను కాదు. డోలు కొట్టకపోతే ఊరుకోని చేతులు నావి, అతనివి కాదు. ఈ ఏడు పిలిస్తే మళ్లీ పోతాను. పోకుండా ఇంట్లో కూర్చుని ఏ పొలం చూసుకోవాలి?

నాకు అతని మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. అంత పెద్ద స్టేజీ మీద, ఆ తొమ్మిది సెకండ్లు, అతను ఒక్క అడుగు పక్కకు జరగవచ్చు కదా? జరిగితే కెమెరాకు నేనూ కనబడేవాణ్ని కదా? జానకమ్మకైనా, నేను ఎందుకు పోయానో తెలిసేది కదా?

జరగలేదు. ఆ ఒక్క అడుగు జాగా నాకు ఎంతకు పడిందో రిజిస్ట్రేషన్ కాగితంలో రాసి ఉంది. నల్లరేగడి, బోరుతో సహా, రెండెకరాల పదమూడు గుంటలు.